సైన్యం గద్దెనెక్కినప్పుడు జనం స్పందనతో ఏం మారుతుంది?

మీరడిగింది క్లుప్తంగా ఇది. 2021లో మయన్మార్ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోస్తే జనం లక్షల్లో రోడ్డెక్కారు, అయినా సైన్యం దిగలేదు. 2016లో టర్కీలో తిరుగుబాటు ఒక్క రాత్రిలో ఓడిపోయింది. 2023లో నైజర్‌లో జనం సైనికులకే జేజేలు కొట్టారు. మరి జనం స్పందనకు అసలు విలువ ఉందా? వార్తలు చూసేటప్పుడు దేన్ని గమనించాలి?

విలువ ఉంది. కానీ అందరూ చూసే చోట కాదు. రోడ్డు మీద ఎంతమంది ఉన్నారన్నది మూడో లెక్క. మొదటిది, తొలి రాత్రి సైన్యం ఒక్కమాట మీద నిలబడిందా, చీలిందా. రెండోది, తర్వాతి వారాల్లో డాక్టర్లు, బ్యాంకు సిబ్బంది, రైల్వే కార్మికులు, గుమస్తాలు పనిలోకి వెళ్ళారా, మానేశారా. గుంపు ఈ రెండింటినీ కదిలిస్తేనే తిరుగుబాటు ఓడుతుంది. కదిలించలేకపోతే ఎన్ని లక్షల మంది వచ్చినా సైన్యం ఓపిక పడుతుంది, ఆ తర్వాత కాల్పులు మొదలుపెడుతుంది.

మయన్మార్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే జనం చేయగలిగినవన్నీ అక్కడ చేశారు.

2020 నవంబర్ ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూకీ పార్టీ పోటీ జరిగిన 476 పార్లమెంటు స్థానాల్లో 396 గెలిచింది. సైన్యం వెనకున్న పార్టీకి దక్కినవి 33. ఓటర్ల జాబితాలో అక్రమాలు జరిగాయని సైన్యం ఆరోపించింది, ఎన్నికల సంఘం కొట్టిపారేసింది. 2021 ఫిబ్రవరి 1న కొత్త పార్లమెంటు కూర్చోవాలి. ఆ తెల్లవారుజామునే సూకీని, అధ్యక్షుడు విన్ మింట్‌ను నిర్బంధించారు. సైన్యం తరఫున వచ్చిన ఉపాధ్యక్షుడు తాత్కాలిక అధ్యక్షుడై, ఏడాది అత్యవసర పరిస్థితి ప్రకటించి, అధికారాన్ని సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్ చేతిలో పెట్టాడు. అంతా 2008 రాజ్యాంగం ప్రకారమే చేశామన్నారు. ఆ రాజ్యాంగం సైన్యం రాసుకున్నదే. పార్లమెంటులో నాలుగో వంతు సీట్లు సైనికులవి, దాన్ని సవరించాలంటే నాలుగింట మూడు వంతుల కంటే ఎక్కువ ఓట్లు కావాలి. అంటే సైన్యం ఒప్పుకోకుండా ఒక్క అక్షరం మారదు.

మొదటి రోజు వీధుల్లో పెద్దగా ఎవరూ లేరు. ఫోన్లు పనిచేయలేదు, ఏటీఎంల ముందు క్యూలు, అంగళ్ళలో బియ్యం, నూనె కోసం తోపులాట. జనం సర్దుకుపోయారని బయటివాళ్ళు కొందరు రాసేశారు. ఈ పొరపాటు ప్రతి తిరుగుబాటులోనూ జరుగుతుంది. మొదటి 24 గంటల నిశ్శబ్దాన్ని బట్టి ఏమీ తేల్చకూడదు. ఆ వేళకి జనానికి ఎవరు అరెస్టయ్యారో తెలియదు, పక్కింటివాళ్ళ మనసులో ఏముందో తెలియదు. 1988లో దేశమంతా కదిలిన ఉద్యమాన్ని సైన్యం సెప్టెంబర్ 18న కాల్పులతో అణచి అధికారం తీసుకున్న సంగతి పెద్దవాళ్ళందరికీ గుర్తుంది. ముందుగా బయటికొచ్చినవాడు ఒంటరివాడైపోతే? ఆ భయమే ఇంట్లో కూర్చోబెడుతుంది.

ఆ భయాన్ని విరగ్గొట్టింది వంటగిన్నెలు. ఫిబ్రవరి 2 రాత్రి 8 గంటలకు పెద్ద నగరం యాంగోన్‌లో బాల్కనీల్లోంచి, కిటికీల్లోంచి గిన్నెలు, మూతలు, డబ్బాలు మోగించారు. ఇంట్లోంచి దుష్టశక్తిని తరిమేటప్పుడు చప్పుడు చేయడం అక్కడి పాత ఆచారం. ఇందులో మెలకువ చూడండి. ఎవరూ ఇల్లు దాటలేదు, చీకట్లో ఎవరి మొహమూ కనపడదు, అరెస్టు చేయాలంటే వీధి మొత్తాన్నీ చేయాలి. అయినా వీధిలో ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది, మనం ఒంటరిగా లేమని. రోజూ అదే టైముకి కావడంతో ఎవరూ పిలుపు ఇవ్వక్కర్లేకపోయింది. ఇంటర్నెట్ కోసినా ఆగదు.

రెండు వారాల్లో ఆ గిన్నెల పని మారిపోయింది. ఫిబ్రవరి 12న 23 వేల మందికి పైగా ఖైదీలను జైళ్ళనుంచి వదిలారు, వాళ్ళు రాత్రిపూట అల్లర్లకు దిగుతారని జనం భయపడ్డారు. సమ్మె చేస్తున్న డాక్టర్లను, అధికారులను రాత్రిపూట ఇళ్ళకొచ్చి పట్టుకుపోవడం మొదలైంది. వీధిలోకి అనుమానపు బండి వస్తే మొదట చూసినవాళ్ళు గిన్నె కొట్టేవాళ్ళు, నిమిషాల్లో వీధంతా బయటికి వచ్చేది. కుర్రాళ్ళు వంతులేసుకుని రాత్రి కాపలా కాశారు. అరెస్టు చేయడానికి వచ్చినవాళ్ళు కొన్నిసార్లు ఉత్త చేతులతో వెనక్కి పోయారు. తుపాకులతో వచ్చిన రోజున ఈ పద్ధతి నిలవలేదు. ఫిబ్రవరి 15 నుంచి రాత్రి ఒంటిగంట నుంచి పొద్దున 9 దాకా ఇంటర్నెట్ కోసింది కూడా ఇందుకేనని జనం అనుకున్నారు. అరెస్టులు చాలావరకు ఆ చీకటి వేళలోనే.

అసలు దెబ్బ మాత్రం ఆసుపత్రుల నుంచి మొదలైంది. ఫిబ్రవరి 3న ప్రభుత్వ డాక్టర్లు, నర్సులు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని విధులు మానేశారు. తర్వాత టీచర్లు, రైల్వే వాళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, కస్టమ్స్ వాళ్ళు, రేవుల్లో పనివాళ్ళు, మంత్రిత్వ శాఖల్లో గుమస్తాలు. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు మన శాసనోల్లంఘన ఉద్యమమే. గుంటూరు జిల్లా పెదనందిపాడు పన్ను నిరాకరణ ఉద్యమంలో కరణాలు, మునసబులు రాజీనామా చేస్తే పన్ను వసూలు ఎలా ఆగిపోయిందో చదివినవాళ్ళకు దీని లోపలి సూత్రం వెంటనే అర్థమవుతుంది. కుర్చీ సైన్యం తీసుకోగలదు. కానీ ఫైలు కదిలించేవాడు, సరుకు దించేవాడు, రైలు నడిపేవాడు రాకపోతే ఆ కుర్చీతో పాలించేది ఏమీ ఉండదు.

బ్యాంకుల విషయం దగ్గరగా చూడాలి. ప్రైవేటు బ్యాంకుల సిబ్బంది మానేయడంతో శాఖలు మూతపడ్డాయి. జీతాలు జమచేయడానికి, దిగుమతి లావాదేవీలకు మనుషుల్లేరు. డబ్బు తీసుకునే మొత్తానికి పరిమితి పెట్టారు, ఏటీఎం ముందు తెల్లవారకముందే క్యూ. ఖాతాలో సొమ్ము ఉన్నా చేతిలో నోటు కావాలంటే దళారికి కమీషన్ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తిరుగుబాటుకి ముందు డాలరుకు 1,330 దగ్గర ఉన్న అక్కడి కరెన్సీ క్యాట్, సెప్టెంబర్ ఆఖరుకు బయటి మార్కెట్లో 3,000 దాకా పడిపోయింది. సైన్యానికి నష్టమే, కానీ జనానికి అంతకంటే ఎక్కువ. సమ్మె అనే ఆయుధానికి రెండు వైపులా పదును ఉంటుందని ముందే లెక్కేసుకోవాలి. ఆ జూలైలో కోవిడ్ విరుచుకుపడ్డప్పుడు ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం వీధుల్లో నిలబడ్డారు. సమ్మెలో ఉన్న డాక్టర్లు స్వచ్ఛంద క్లినిక్కుల్లో, ఇళ్ళల్లో, ఫోన్లలో వైద్యం చేస్తూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది మీద అప్పటికే వారెంట్లు ఉన్నాయి.

ఇలాంటి సమ్మె ఎక్కడ విరుగుతుందో కూడా చెప్పాలి. మొదటిది, ప్రభుత్వ క్వార్టర్లు. ఉద్యోగం, ఇల్లు ఒకే చేతిలో ఉంటే సమ్మె చేసినవాడి భార్యాపిల్లలు రోడ్డున పడతారు. మార్చి 10న యాంగోన్‌లో రైల్వే కాలనీని బలగాలు చుట్టుముట్టాయి, సమ్మె చేస్తున్నవాళ్ళ కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని ఖాళీ చేయాల్సి వచ్చింది. రెండోది, జీతం. మొదటి నెల ఆవేశం మోస్తుంది, మూడో నెల అద్దె కట్టాలి. విరాళాలు మొబైల్ వాలెట్ల ద్వారా వచ్చేవి, తర్వాత ఆ ఖాతాలనే స్తంభింపజేశారు. ప్రతిఘటన నేతలు ఏర్పరచిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం ఆగస్టులో సొంత లాటరీ పెట్టింది. టికెట్ల డబ్బులో 70 శాతం సమ్మెలో ఉన్న ఉద్యోగులకు, 30 శాతం బహుమతులకు. అప్పటికే జనం సర్కారు లాటరీని బహిష్కరించారు కాబట్టి టికెట్లు చకచకా అమ్ముడయ్యాయి. మంచి ఉపాయమే, కానీ లక్షల కుటుంబాలను నిలబెట్టేంత సొమ్ము అందులో రాదు. మూడోది, ఏరివేత. లక్షకు పైగా స్కూలు టీచర్లను సస్పెండ్ చేశారు. కొందరు భయపడి తిరిగి చేరారు. వాళ్ళను పిరికివాళ్ళని తిట్టడం అన్యాయం. వాళ్ళ పేర్లు నెట్‌లో పెట్టి వేధించడం వల్ల ఉద్యమానికి దగ్గర కావాల్సినవాళ్ళు దూరమయ్యారు.

ఇక వీధి పోరాటం. ఫిబ్రవరి 17న యాంగోన్‌లో కార్లవాళ్ళు రోడ్ల మధ్య ఆపేసి, బానెట్లు ఎత్తి, బండి పాడైందన్నారు. సైనిక వాహనాలు కదలలేదు, ఎవరి మీదా కేసు పెట్టడానికి సాక్ష్యమూ లేదు. ఫిబ్రవరి 22న సార్వత్రిక సమ్మె. తారీఖులో రెళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, 1988 ఆగస్టు 8 నాటి ఉద్యమంతో పోల్చుకుని ఎంచుకున్న రోజు. మార్చి మొదట్లో ఆడవాళ్ళు తమ లుంగీలు, అక్కడ తమెయిన్ అంటారు, వీధికి అడ్డంగా తీగల మీద ఆరేశారు. ఆడవాళ్ళ బట్టల కిందినుంచి నడిస్తే మగాడి తేజస్సు పోతుందన్నది పాత నమ్మకం. సైనికులు లారీ ఆపి, ఎక్కి, ఒక్కొక్క తీగా విప్పి కదలాలి. ఆ పది నిమిషాల్లో ముందువరసలో ఉన్న పిల్లలు సందుల్లోకి తప్పుకునేవాళ్ళు. ప్రతిఘటనలో చాలా భాగం ఇలా నిమిషాలు సంపాదించడమే.

మార్చిలో సైన్యం లెక్క మార్చింది. 14న యాంగోన్ శివారు పారిశ్రామికవాడ హ్లయింగ్ తాయాలో నెత్తురు పారింది. 27న, సైనిక దినోత్సవం నాడు, ఒక్కరోజులో దేశమంతటా వందమందికి పైగా చనిపోయారు. ఏప్రిల్ 9న బాగో నగరంలో 80 మందికి పైగా. నూనె పీపాలు కోసి చేసిన డాళ్ళు రాళ్ళను, రబ్బరు గుళ్ళను ఆపుతాయి, అసలు తూటాను ఆపవు. ఆ మార్చి నుంచే గుంపులు చిన్నవయ్యాయి, ఐదు నిమిషాల మెరుపు ఊరేగింపులు వచ్చాయి, మార్చి 24న మౌన సమ్మె జరిగింది. ఆ రోజు ఎవరూ బయటికి రాలేదు, ఊళ్ళు ఖాళీ. కాల్చడానికి మనిషి లేకుండా నిరసన తెలపడం అది. ఇంకోపక్క యువకులు సరిహద్దు కొండల్లోని జాతుల సాయుధ దళాల దగ్గరికి శిక్షణకు వెళ్ళారు. జాతీయ ఐక్యతా ప్రభుత్వం మే 5న ప్రజా రక్షణ దళాన్ని, సెప్టెంబర్ 7న సైన్యం మీద యుద్ధాన్ని ప్రకటించింది. ఏడాది అన్న అత్యవసర పరిస్థితిని సైన్యం పొడిగిస్తూ 2025 జూలై ఆఖరు దాకా లాగింది.

ఇంత చేసినా సైన్యం ఎందుకు దిగలేదు? నా అంచనాలో అసలు కారణం ఒకటే, ఆ సైన్యం దేశం మీద ఆధారపడి బతకదు. దానికి సొంత కంపెనీలున్నాయి, బీరు నుంచి బ్యాంకు దాకా. సహజవాయువు అమ్మకపు డాలర్లు ఆగలేదు. సైనిక కుటుంబాలు కంటోన్మెంట్లలో, వేరే ఆసుపత్రులు, వేరే బడులు, వేరే దుకాణాలతో బతుకుతాయి. సిపాయి భార్యా పిల్లలు గేటు లోపల ఉంటే అతను పారిపోవడం అంత తేలిక కాదు. లోలోపల జనం పక్షాన ఉన్న సైనికులకు జనం పెట్టిన పేరు పుచ్చకాయలు, పైన ఆకుపచ్చ, లోపల సూకీ పార్టీ ఎరుపు. వాళ్ళు సమాచారం అందించారు, వేలల్లో బయటికీ వచ్చారు. కానీ పూర్తి దళంతో, కమాండరుతో సహా పక్క మార్చినవాళ్ళు దాదాపు లేరు. అక్కడే ఆగిపోయింది.

ఎదురుగా 1920 బెర్లిన్ పెట్టి చూడండి. మార్చి 13న కాప్ అనే అధికారి సైనిక దళాల అండతో రాజధాని పట్టుకున్నాడు. కార్మికులు సార్వత్రిక సమ్మె చేశారు, నీళ్ళు, కరెంటు, గ్యాస్, పత్రికలు ఆగాయి. అధికారులు ఉత్తర్వుల మీద సంతకాలు పెట్టలేదు. కేంద్ర బ్యాంకు అతనికి డబ్బివ్వలేదు. 17వ తేదీకల్లా పారిపోయాడు. అతనికి సొంత ఖజానా లేదు, మయన్మార్ జనరళ్ళకు ఉంది. సమ్మె ఒకటే, ఫలితం వేరు.

తొలి రాత్రి తేలిపోయే కేసులు వేరే జాతి. టర్కీలో 2016 జూలై 15న సైన్యంలో ఒక వర్గమే కదిలింది, సర్వసైన్యాధ్యక్షుడే వాళ్ళ బందీ. అధ్యక్షుడు ఎర్డోగాన్ ఫోన్ వీడియో కాల్‌లో టీవీలో కనిపించి జనాన్ని రమ్మన్నాడు, మసీదుల మైకుల్లోంచి పిలుపు వచ్చింది, ప్రతిపక్షాలు కూడా తిరుగుబాటును ఖండించాయి. ఇస్తాంబుల్ వంతెన మీది కుర్ర సిపాయిలు పొద్దున్నకి చేతులెత్తేశారు. చనిపోయినవాళ్ళు 250 మంది దాకా. గుంపు ట్యాంకును ఓడించలేదు, అప్పటికే చీలిన సైన్యంలో ఊగిసలాడుతున్నవాళ్ళు ఏ వైపు ఉండాలో తేల్చుకునేలా చేసింది. తర్వాత లక్ష మందికి పైగా ఉద్యోగులను ప్రభుత్వం తొలగించింది, అది కూడా ఆ రాత్రి కథలో భాగమే. దక్షిణ కొరియాలో 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడే సైనిక శాసనం ప్రకటించాడు. జనం పార్లమెంటు గేట్ల దగ్గర దళాలకు అడ్డం నిలబడ్డారు, సభ్యులు గోడలు దూకి లోపలికి వెళ్ళారు, రాత్రి ఒంటిగంటకు 190 మంది హాజరై 190 మందీ రద్దుకు ఓటేశారు. ఆ ఓటు జరగడానికి కావాల్సిన రెండు మూడు గంటలను గేటు దగ్గర జనం సంపాదించి పెట్టారు.

జేజేలు కొట్టే గుంపుల్ని ఎలా చదవాలి? జనం సాధారణంగా వచ్చిన సైన్యాన్ని చూసి కాదు, పోయిన ప్రభుత్వం మీద కసితో సంబరపడతారు. బ్యాంకాక్‌లో 2006లో ట్యాంకుల మీద పూలు పెట్టి ఫొటోలు దిగినవాళ్ళు నగరంలోని, పదవి పోయిన ప్రధాని తక్సిన్‌కు వ్యతిరేకులు, ఆయనకు ఓటేసిన ఈశాన్య పల్లెలవాళ్ళు కాదు. కైరోలో 2013 జూలై 3న బాణసంచా కాల్చిన చౌకు ఒకటి, పదవి పోయిన అధ్యక్షుడు మొర్సీ మద్దతుదారులు కూర్చున్న చౌకు ఇంకొకటి. ఆగస్టు 14న ఆ రెండో చౌకులో 800 మందికి పైగా చనిపోయారు. కెమెరాలో ఉన్న గుంపుని కాదు, అందులో లేనివాళ్ళెవరో వెతకండి. నైజర్‌లో మరో కారణం కలిసింది. పొరుగు దేశాల కూటమి వారం గడువిచ్చి యుద్ధ హెచ్చరిక చేసింది, ఆంక్షలు పెట్టింది, నైజీరియా కరెంటు ఆపింది. తిరుగుబాటు నచ్చనివాళ్ళు కూడా చీకట్లో కూర్చున్నాక కోపం బయటి దేశాల మీదికి తిప్పుకున్నారు. రాజధాని నియామీలో జేజేల సభకు స్టేడియం నిండడానికి ఆ గడువు చాలా సాయపడింది.

నిశ్శబ్దం గురించి ఒక్క కేసు చెప్పాలి, అది మనవాళ్ళది కూడా. అదే మయన్మార్‌లో, అప్పటి పేరు బర్మా, 1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ అధికారం తీసుకున్నప్పుడు జనం దాదాపు కదల్లేదు. కారణం ఉంది. 1958లో ఇదే నే విన్ తాత్కాలికంగా పాలించి, 1960లో ఎన్నికలు జరిపి దిగిపోయాడు. ఈసారీ అంతేననుకున్నారు. జూలై 7న రంగూన్ (నేటి యాంగోన్) యూనివర్సిటీలో విద్యార్థుల్ని కాల్చి, మర్నాడు విద్యార్థి సంఘ భవనాన్ని పేల్చేశాక అర్థమైంది, అప్పటికి ఆలస్యమైంది. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణాలు జాతీయం చేశారు, అదే ఏడాది 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళి రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో తరాలుగా బతికిన తెలుగువాళ్ళు, ఇతర భారతీయులతో పాటు లక్షల్లో ఓడలెక్కాల్సి వచ్చింది. కూడబెట్టిన బంగారం, డబ్బు చాలావరకు అక్కడే వదిలేశారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే.

కాబట్టి రేపు ఎక్కడైనా ఇలాంటి వార్త వస్తే ఈ వరసలో చూడమంటాను. పదవి పోయిన నాయకుడి గొంతు జనానికి వినపడిందా? సైన్యాధిపతి, వాయుసేన, రాజధాని దళం, పోలీసులు ఒకే ప్రకటన మీద ఉన్నారా? ప్రతిపక్షం ఖండించిందా, లేక లోలోపల సంతోషిస్తోందా? మూడో రోజుకి బ్యాంకులు తెరిచారా, రైళ్ళు నడిచాయా? నెలాఖరుకి జీతాలు పడ్డాయా? ఉద్యోగుల క్వార్టర్ల దగ్గర ఏం జరుగుతోంది? ఇంటర్నెట్ ఏ వేళలో కోస్తున్నారు? ఆ వేళలోనే అరెస్టులు చూడండి.

వీడియోల విషయంలో జాగ్రత్త. మొదటి రెండు రోజుల్లో తిరిగేవాటిలో పాతవి, వేరే దేశానివి చాలా ఉంటాయి. దుకాణాల బోర్డు లిపి, బండ్ల నంబరు ప్లేట్లు, నీడల దిక్కు, వాన పడిందా లేదా సరిచూడండి. మృతుల సంఖ్య రెండు రకాలుగా వస్తుంది. పేరు, ఊరు, తేదీ నిర్ధారించి లెక్కపెట్టేది ఒకటి, ఆసుపత్రి వాళ్ళో పక్కింటివాళ్ళో చెప్పింది ఇంకొకటి. మయన్మార్‌లో రాజకీయ ఖైదీల సహాయ సంఘం మొదటి పద్ధతిలో రోజూ ప్రకటించేది. 2021 మార్చి ఆఖరుకే ఆ లెక్క 500 దాటింది. ఆ పద్ధతిలో సంఖ్య ఎప్పుడూ అసలు కంటే తక్కువే ఉంటుంది, ఎందుకంటే శవాన్ని సైనికులు ఎత్తుకుపోయిన ఇంట్లో నోరువిప్పడానికి భయపడతారు.